హైమ చేతుల ప్రవాసం

మా ఆడపడుచు హైమ ఏ దేశమూ వెళ్లలేదు. విశాఖపట్నంలో, మా ఇంట్లోనే ఉంది. వీసా మొదలైన మర్నాడు పొద్దున నా ఎదురుగా కూర్చుని ఇడ్లీ తింది, తన పళ్లెం తనే కడుక్కుంది, "బాగున్నాయి వదినా, థాంక్స్" అంది.

నేను కాపురానికి వచ్చిన నాటినుంచి హైమ నాకు థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు. ఇడ్లీ గట్టిగా ఉంటే "వీటితో కిటికీ అద్దాలు పగలగొట్టొచ్చొదినా" అంటూనే నాలుగు లాగించేసే మనిషి. ఆ మర్యాద వినేసరికి నాకు ఒళ్లు జలదరించింది.

వెళ్లింది ఆమె పని మాత్రమే. పాస్‌పోర్టు హైమది, వీసా ఆమె చేతులది.

హైమ నెలలు నిండని పిల్లల వార్డులో నర్సు. గుప్పెడంత పసిగుడ్డు చేతిలో వెంట్రుకంత నరం వెతికి, ఒక్క పోటుతో సూది ఎక్కించడం ఆమె పని. పెద్ద డాక్టర్లు చెమటలు పట్టి పక్కకు తప్పుకున్నాక హైమను పిలిచేవారు. ఉత్తరాన ఒక చలిదేశం వాళ్లు ఇలాంటి నర్సుల కోసం ఊరూరా గాలిస్తుండేవారు. తీరా బయటి మనుషులు తమ దేశంలో స్థిరపడితే వాళ్లకు గిట్టదు. మనిషి వద్దు, పని కావాలి. అందుకని మనిషిని గుమ్మం బయటే ఆపి, పనిని మాత్రం లోపలికి రానిచ్చే వీసా ఒకటి పెట్టుకున్నారు.

ఆ వీసా వెనక ఉన్న యంత్రం డాక్టర్ బెహరాది. దాన్ని నడిపేది నేను. నా పేరు కుసుమ, ఆయన కేంద్రంలో టెక్నీషియన్‌ని. మనిషి పని చేస్తుండగా మెదడులోనూ చేతుల్లోనూ ఏయే దారులు వెలుగుతాయో యంత్రం పట్టుకుంటుంది. దాన్ని పనిముద్ర అంటాం. ఆ ముద్రను అక్కడి మనిషిలో వేస్తారు. అంతే, హైమ చేతివాటం ఎవరో బ్రిటా అనే ఆవిడ చేతుల్లోకి వెళ్లిపోతుంది. చిక్కల్లా ఒకటే. ఒకే పని ఇద్దరిలో మెలకువగా ఉంటే ఇద్దరి చేతులూ వణుకుతాయి. ఎందుకో బెహరాగారికే అంతుపట్టలేదు. అందుకే వీసా గడువు తీరేదాకా ఇక్కడి మనిషిలో ఆ దారుల్ని నిద్రపుచ్చుతాం.

ఆ వీసా పెట్టకముందు హైమకు మామూలు వీసా మీద, మనిషిగా వెళ్లే అవకాశం కూడా వచ్చింది. వద్దంది. కారణం మా అమ్మాయి లాస్య. లాస్య ఏడోనెలలో పుట్టింది. నరం దొరక్క వార్డంతా చేతులెత్తేసిన సమయంలో హైమ డ్యూటీ లేకపోయినా పరిగెత్తుకొచ్చి, "అత్తొచ్చీసింది బంగారం, అత్తొచ్చీసింది" అంటూ సూది ఎక్కించింది. ఆ పిల్ల బతికింది. పెళ్లి మాటెత్తితే "నాకు లాసి ఉంది కదేటి" అనేది హైమ.

"లాసిని వదిలీసి నేనెక్కడికెళ్తానొదినా! ఇదైతే బాగుంది. చేతుల్ని పంపించీసి నేను దీంతో ఆడుకుంటాను" అని ఎగిరి గంతేసింది ఈ కొత్త వీసా సంగతి విని. నేనూ సంతోషించాను.

ముద్ర తీయడం వార్డులోనే జరిగింది. హైమ తలకు వలలాంటి టోపీ, చేతులకు పల్చటి తొడుగులు. బెహరాగారు ముందే హెచ్చరించారు. "పని గురించి మాత్రమే ఆలోచించాలమ్మా. ఇల్లూ వాకిలీ తలుచుకోకూడదు."

"అలాగేనండి" అంది హైమ, ఉయ్యాల మీదికి వంగుతూ. వంగీ వంగగానే, "అత్తొచ్చీసింది బంగారం, అత్తొచ్చీసింది" అని మొదలెట్టింది.

నా ఎదురుగా తెర మీద చేతులకు సంబంధించిన చోటే కాదు, ఇంకా లోపలెక్కడో పెద్ద వెలుగు వ్యాపించింది. బెహరాగారు కళ్లద్దాలు పైకి తోసుకుని, "ఇంత బలమైన ముద్ర నేనెప్పుడూ చూడలేదు" అని మురిసిపోయారు. హైమ అన్న 'అత్త' మాట గురించి ఆయనకూ అనుమానం రాలేదు, నాకూ రాలేదు. వరస కలపకుండా మనకు పని జరుగుతుందా? కూరలమ్మే ఆవిడ పిన్ని, బస్సు కండక్టరు బాబాయి. నోటిమాటే కదా అనుకున్నాం. హైమకు అది నోటిమాట కాదు. ఆమె వేలి కింద ఏ బిడ్డ ఉన్నా, లోపల మాత్రం ప్రతిసారీ లాస్యే ఉండేది. అదే ఆమె చేతివాటం. యంత్రం దాన్నంతటినీ కలిపి పని అనే రాసుకుంది.

నిద్రపుచ్చిన రోజు సాయంత్రం హైమకు సిరంజి ఇస్తే పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఇంటికి వెళ్లాక గేటు చప్పుడు వినగానే లాస్య దూసుకొచ్చి మేనత్త మోకాళ్లను కావలించుకుంది. హైమ కిందికి చూసింది. పక్కింటి పిల్లను తట్టినట్టు తల మీద తట్టి, "మీ అమ్మ వస్తోంది పాపా, జాగ్రత్త, పడిపోతావు" అంది.

పాపా! లాస్యను హైమ లాసీ అంది, దొంగముండా అంది, మహారాణీ అంది. పాపా అని మాత్రం ఎప్పుడూ అనలేదు. అలసిపోయిందిలే అనుకున్నాను. మర్నాడు ఆ థాంక్స్ విన్నాక నాకు అలా అనుకునే ధైర్యం కూడా లేకపోయింది.

లాస్య వదల్లేదు. దువ్వెన తెచ్చి అత్త ఒళ్లో పెట్టేది. హైమ చక్కగా జడ వేసి, రిబ్బను కట్టి, "అయిపోయింది, వెళ్లు" అనేది. రాత్రుళ్లు లాస్య చెవి తమ్మెను రెండు వేళ్లతో నెమ్మదిగా రాస్తూ నిద్రపుచ్చడం హైమ అలవాటు. పిల్ల వెళ్లి పక్కలో దూరి, తల తిప్పి చెవి చూపిస్తే, "చెవి నొప్పా?" అని అడిగింది. కసిరినా బాగుండేది. కసరడానికైనా కొంచెం ప్రేమ ఉండాలి.

ఒకరోజు బట్టలు ఆరేస్తూ హైమే అంది.

"నాకంతా గుర్తుంది వదినా. లాసి పుట్టడం, నేను ఏడవడం, అన్నయ్య నన్ను పట్టుకోవడం. ఎవరో చెప్పిన కథ విన్నట్టు గుర్తుంది."

"బెంగగా ఉందేటి?"

"లేదు. ఏ లోటూ తెల్డం లేదు. అదే భయంగా ఉంది."

భయం అయితే ఉంది కదా అని నేను దాన్నే పట్టుకుని వేలాడాను.

నెలకోసారి అక్కడి మనిషితో తెర మీద మాట్లాడి, ముద్ర ఎలా ఉందో చూడడం నా ఉద్యోగంలో భాగం. బడికి సెలవు కావడంతో ఆ రోజు లాస్యను వెంట తీసుకెళ్లి, పక్కన కుర్చీలో కూర్చోబెట్టి రంగు పెన్సిళ్లు ఇచ్చాను. తెర మీదికి బ్రిటా వచ్చింది. యాభై దాటిన మనిషి, తెల్లజుట్టు, ఎత్తయిన భుజాలు. ఆమె తన భాషలో మాట్లాడితే యంత్రం తెలుగు చేసి వినిపిస్తుంది. చేతులు వణకడం లేదంది. వార్డులో అందరూ మెచ్చుకుంటున్నారంది. నేను అన్నీ అడిగి, ఇక ఉంటానని చెప్పబోతుండగా ఆమె కొంచెం తటపటాయించింది. తర్వాత యంత్రంతో పని లేకుండా, తన నోటితోనే అంది.

"లాసి అన్నం తినీసిందా?"

మాట మాది, యాస మాది, ఆ 'తినీసిందా' అనడంలో ఉన్న ఆత్రం అచ్చంగా హైమది. ముఖం మాత్రం నేనెరగని మనిషిది.

లాస్య పెన్సిల్ కింద పడేసి నా మోచేతి కిందనుంచి తెర ముందుకొచ్చింది. బ్రిటా కళ్లు నిండిపోయాయి. ఆమె కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో ఏదో మెత్తటిదాన్ని నెమ్మదిగా రాయడం మొదలెట్టింది. లాస్య తల పక్కకు తిప్పి, చెవిని తెరకు ఆనించి, కళ్లు మూసుకుంది.

"అత్త అక్కడుందేటమ్మా?" అంది కళ్లు తెరవకుండానే.

నేను పిల్లను ఒళ్లోకి తీసుకుని బ్రిటానే అడిగాను. బ్రిటాకు పిల్లలు లేరట. ముద్ర వేసిన రోజునుంచీ ఎప్పుడూ చూడని పిల్ల మీద బెంగతో అన్నం సయించడం లేదట. అన్నం అనే మాటే అంది, ఆ దేశంలో. ఆమె మీద నాకు అసూయ కలిగింది, జాలీ కలిగింది. నా పిల్లను ప్రేమించినందుకు ఒక మనిషిని చూసి భయపడతానని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం బ్రిటా ఫోన్ చేసేది. లాస్య ఆమెతో బడి కబుర్లన్నీ చెప్పేది. హైమ పక్కగదిలో పుస్తకం చదువుకుంటూ, నవ్వులు గట్టిగా వినిపిస్తే లేచి వచ్చి తలుపు దగ్గరగా వేసేది.

ఇలా ఎంతకాలం సాగేదో గానీ, ఆ దేశంలో తనిఖీ వచ్చింది. పరాయి ముద్రలు వేయించుకున్న వాళ్లనందర్నీ పరీక్షించారు. బెహరాగారు నన్ను తన గదికి పిలిచి తలుపు వేశారు.

"బ్రిటాలో పనితోపాటు ఇంకొకటి ఉందని పట్టుకున్నారు కుసుమగారూ. పని వీసా మీద పనే రావాలి. వెంట వచ్చింది ఆధారితుల కింద లెక్కట. దానికి వేరే వీసా ఉండాలట."

"అది మనిషి కాదు కదండీ, ప్రేమ."

"వాళ్ల నిబంధనల్లో ఆ మాట లేదు. అనుమతి లేకుండా వచ్చి ఉంటున్నది అని మాత్రమే ఉంది. వచ్చే నెల మొదట్లో తుడిచేస్తారు. పని ఉంటుంది, అది దాని జ్ఞాపకాలతో సహా పోతుంది."

"పోతే? హైమలో నిద్రపోతున్నది లేవదా?"

"ఇక్కడున్నది ఖాళీ గూడు. ఇద్దర్నీ పక్కపక్కన పడుకోబెట్టి అక్కడున్న దాన్ని వెనక్కి తీసుకుంటేనే ఇది లేస్తుంది. తుడిచేశాక తీసుకోవడానికి ఏముంటుంది?" అని, మళ్లీ ఆయనే, "ఒక దారి ఇచ్చారు. సొంతదారు స్వయంగా వచ్చి తీసుకువెళ్లవచ్చట. హైమ సందర్శక వీసా మీద వెళ్లిరావాలి" అన్నారు.

వెళ్లి తెచ్చుకోవడమే కదా! నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన సూర్యం పోర్టులో సెలవు దొరక్క ఉండిపోయాడు. నేనూ హైమా లాస్యా హైదరాబాదు రైలెక్కాం. పిల్ల పక్కనుంటే ఇంటర్వ్యూలో మా మాటకు బలం ఉంటుందని నా ఆలోచన. దారంతా హైమకు పాఠం చెప్పాను.

"ఎందుకు తిరిగొస్తావని అడుగుతారు. నా మేనకోడలు లేకపోతే నేను బతకలేనని చెప్పు."

"అబద్ధం కదా వదినా."

"ఒకప్పుడు నిజమే కదే! దాన్ని తెచ్చుకోడానికే కదా ఈ అబద్ధం."

హైమ బుద్ధిగా తలూపి, ఆ వాక్యాన్ని పెదవులతో వల్లె వేసుకుంది. కిటికీ పక్కన లాస్య ఆమె భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. హైమ కదలకుండా కూర్చుంది. రైల్లో ముక్కూమొహం తెలియని పిల్ల నిద్రపోయినా అలాగే కూర్చునేది.

వీసా ఆఫీసులో మా కిటికీ వెనక ఒక కుర్రాఫీసరు. మర్యాదస్తుడు. ఆయన భాషను తెలుగు చేసే యంత్రానికి ఎవరు నేర్పారో గానీ పాతకాలపు తెలుగు నేర్పారు. కిటికీ ముందు ఒక గాజుపలక ఉంది. చూడగానే పోల్చుకున్నాను. మా కేంద్రంలో ఉన్నదాని పిల్ల యంత్రమే. చెయ్యి పెట్టి జవాబు చెబుతుంటే లోపల బంధం ఉన్నచోట వెలుగుతుంది.

"మిమ్ములను స్వదేశమునకు తిరిగి రప్పించునది ఏమి?" అంది యంత్రం.

హైమ పలక మీద చెయ్యి ఆనించింది. "నా మేనకోడలండి. అది లేకపోతే నేను బతకలేను."

మాట తప్పకుండా చెప్పింది. గొంతు కూడా సరిగ్గా పెట్టింది. పలక వెలగలేదు.

ఆఫీసరు లాస్యను చూపించి, ఒళ్లో కూర్చోబెట్టుకోమన్నాడు. హైమ కూర్చోబెట్టుకుంది. లాస్య ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి, రెండోచెయ్యి పలక మీద, అత్త చేతి పక్కనే పెట్టింది. పలకంతా పసుపురంగు వెలుగు చిప్పిల్లింది. అది ఆఫీసరు ముఖం మీద కూడా పడింది.

"చూశారా! వెలిగింది కదండీ!" అని అరిచాను.

ఆయన లాస్య చెయ్యి మెల్లగా పక్కకు తీయించాడు. వెలుగు ఆరిపోయింది. "అది బాలికది. బాలిక వీసా కోరుటలేదు" అంది యంత్రం.

నాకు ఉక్రోషం ఆగలేదు. వరసలో నిలబడ్డ జనమంతా వింటున్నా సరే, ఉన్నదంతా కక్కేశాను. "మా ఆడపడుచుకి బంధం లేకపోవడమేటండీ? బోలెడంత ఉంది. అది మీ దేశంలో ఉంది. మీరే పట్టుకెళ్లారు. దాన్ని తెచ్చుకోడానికే ఆవిడ వస్తానంటోంది!"

ఆఫీసరు శ్రద్ధగా విన్నాడు. జాలిపడ్డాడు కూడా, ముఖంలో కనిపించింది. ఆ జాలితోనే చెప్పాడు.

"అనగా ఈమె బంధము మా దేశమున కలదు. బంధము ఎచట కలదో మనిషి అచటనే నిలిచిపోవును. అట్టివారికి సందర్శక వీసా ఇచ్చుటకు నిబంధన అంగీకరింపదు. క్షమింపుడు."

అరవడం, ఏడవడం, కాళ్లు పట్టుకోవడం అన్నీ చేసేదాన్నే, వాదించడానికి ఆ మాటలో ఎక్కడైనా సందు ఉంటే. హైమ లేచి నిలబడి, "పర్లేదండి, థాంక్స్" అని ఆయనకు నమస్కారం పెట్టింది.

బయటికొచ్చాక మెట్ల మీద ఆగి, "మీరు బాధపడకండి వదినా" అంది. ఎప్పుడూ నన్ను నువ్వు అనేది. ఎప్పుడు మీరు అయ్యానో నేను గమనించనే లేదు.

ఊరు చేరాక వచ్చిన ఆదివారం బ్రిటా ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. తన మాటా ఎవరూ వినడం లేదట, ఆ ముద్రతో దేశం దాటనివ్వరట, ఉంచుకుంటానని అర్జీ పెడితే తోసిపుచ్చారట. "లాసీ, అత్త మాట విను. పాలు తాగీ. చెప్పులేసుకునే ఆడుకో" అంది. లాస్య అన్నిటికీ ఊఁ కొట్టింది.

తర్వాతి నెల మొదటి ఆదివారం ఫోన్ రాలేదు. లాస్య నా ఫోన్ తీసుకుని తనే చేసింది. చేయకే అనడానికి నాకు మనసు రాలేదు.

బ్రిటా తెర మీదికి వచ్చింది. అదే తెల్లజుట్టు, అవే భుజాలు. తన భాషలో ఏదో అంది. ఫోన్ దాన్ని తెలుగు చేసింది. "నమస్కారం. ఎవరు కావాలి?"

"అత్తా" అంది లాస్య. తల తిప్పి చెవి తెరకు ఆనించింది.

బ్రిటా నవ్వింది. దారిలో ఎదురైన చంటిపిల్లను చూసి నవ్వే నవ్వు. వెనకాల పెద్దవాళ్లెవరైనా ఉన్నారేమోనని చూసి, నేను కనిపించగానే తల పంకించి, మర్యాదగా ఫోన్ పెట్టేసింది. పక్కన బట్టలు మడతపెడుతున్న హైమ, "ఏదో పనిలో ఉన్నట్టున్నారు, పాపం" అంది. అలాగే నవ్వుతూ. ప్రపంచానికి అటు చివరా ఇటు చివరా ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరి ముఖాల మీదా అదే నవ్వు. నాకు ఆ గదిలో నిలబడాలంటే భయం వేసి వంటగదిలోకి వెళ్లిపోయాను.

అక్కడ సూర్యం టీ పెట్టుకుంటున్నాడు. పొద్దున బెహరాగారు ఫోన్‌లో అన్న మాట అతనికి చెప్పాను. ఆ దేశంలో ఇప్పుడు ముద్రలు తీసే టెక్నీషియన్లకు కొరత వచ్చిందట. నా చేతుల్ని అడుగుతున్నారట. ఈసారి ఏ పొరపాటూ జరగదట.

"నువ్వేమన్నావు?" అన్నాడు సూర్యం.

నేను జవాబు చెప్పేలోగా నా చీర కుచ్చెళ్లు ఎవరో పట్టుకున్నారు. లాస్య ఎప్పుడు వచ్చిందో, ఎంత విందో తెలియదు. ఏడవడం లేదు. నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది.

"అమ్మా, నీకేం పనులొచ్చు?"

నేను కింద కూర్చుని, పిల్ల కళ్లలోకి చూశాను.

"నాకే పనీ రాదమ్మా" అన్నాను.